ఎలక్ట్రానిక్ విడిభాగాలు: సరుకు ఎక్కిన రేవు వేరు, పుట్టిన దేశం వేరు

దిగుమతి సుంకం లెక్కలో మూలదేశం పాత్ర: వర్తకులకు ఒక పాఠం

(వాణిజ్య విలేఖరి)

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా ఎలక్ట్రానిక్ విడిభాగాల బేరం రెండు ప్రశ్నల మీద నడుస్తుంది. ధర ఎంత? సరుకు ఎప్పుడు చేరుతుంది? ఈ సరుకు ఏ దేశంలో పుట్టిందన్న మూడో ప్రశ్న అడిగేవారు తక్కువ. అడిగినా "సింగపూర్ మాల్", "మలేషియా మాల్" అన్న జవాబుతో సరిపెట్టుకుంటారు. ఆ మాటకు అర్థమేమిటి? సరుకు సింగపూర్‌లో విమానం ఎక్కిందనా? సింగపూర్ కంపెనీ బిల్లు వేసిందనా? లేక సింగపూర్‌లో తయారైందనా? కస్టమ్స్ వారి దృష్టిలో ఇవి మూడు వేరు వేరు సంగతులు. సుంకం రాయితీ దొరికేది మూడోదానికి మాత్రమే.

ఈ తేడా తెలియక వేసిన ధర సరుకు అమ్ముడుపోయాక, కొన్ని సందర్భాల్లో ఏళ్ల తరువాత, నష్టంగా తిరిగి వస్తుంది. కాబట్టి సుంకం ఎలా పడుతుంది, మూలదేశం ఎలా తేలుతుంది, రుజువు బాధ్యత ఎవరిది అన్న మూడు విషయాలను వరుసగా పరిశీలిద్దాం.

మొదట కోడ్, తరువాతే దేశం

దేశం సంగతి చూసేముందు వస్తువు ఏ హెచ్.ఎస్. కోడ్ కిందికి వస్తుందో తేల్చుకోవాలి. ఎలక్ట్రానిక్ విడిభాగాలన్నింటికీ ఒకే సుంకం లేదు. 1996 డిసెంబరులో సింగపూర్‌లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ 1997లో చేరింది. దాని ప్రకారం ఐసీలు (8542), డయోడ్లు, ట్రాన్సిస్టర్లు (8541), ఖాళీ ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులు (8534), రెసిస్టర్లు (8533), కండెన్సర్లు (8532) మూల కస్టమ్స్ సుంకం లేకుండా వస్తాయి. వీటి మీద ఐ.జి.ఎస్.టి. మాత్రమే పడుతుంది. వర్తకునికి అది తిరిగి జమ అవుతుంది కనుక ఖర్చులో చేరదు.

రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు, చార్జర్లు, స్పీకర్లు వంటివాటి సంగతి వేరు. 2024 జులై బడ్జెట్‌లో మొబైల్ ఫోన్లు, వాటి పీసీబీఏలు, చార్జర్ల మీద సుంకాన్ని 20 శాతం నుంచి 15 శాతానికి తగ్గించారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఖాళీ బోర్డుకు సుంకం సున్నా. అదే బోర్డు మీద ఐసీలు, కండెన్సర్లు అతికించి మొబైల్ ఫోన్ భాగంగా మార్చితే అది 8517 కిందికి పోయి సుంకం కట్టవలసి వస్తుంది. బోర్డు ఒకటే, మీద జరిగిన పని వేరు.

కోడ్ మీద తగాదా వర్తకులకే పరిమితం కాదు. మొబైల్ ఫోన్లు, మరికొన్ని వస్తువుల మీద భారత్ వేసిన సుంకం తన ఒప్పందానికి విరుద్ధమని ఐరోపా సమాఖ్య, జపాన్, తైవాన్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 2023 ఏప్రిల్ 17న ప్యానెళ్లు ప్రధానాంశాలలో భారత్‌కు వ్యతిరేకంగా నివేదికలిచ్చాయి. జపాన్, ఐరోపా కేసులలో భారత్ అప్పీలుకు వెళ్లింది. ఆ అప్పీళ్ల సంస్థ 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ప్రభుత్వాల మధ్యే ఇంత వివాదం ఉన్నప్పుడు, పెట్టె మీద సప్లయరు రాసిన కోడ్‌ను నమ్మి బిల్ ఆఫ్ ఎంట్రీ వేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

సుంకం సున్నా అయిన వస్తువుకు దేశంతో పని లేదనుకోవడం కూడా పొరపాటే. ఖాళీ ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులలో కొన్ని రకాలపై చైనా, హాంకాంగ్ సరుకుకు 2024లో యాంటీ డంపింగ్ సుంకం విధించారు. ఈ తరహా సుంకం దేశం పేరు మీదనే పడుతుంది. ఆ దేశంలో పుట్టిన సరుకుకే కాక, ఆ దేశం నుంచి ఎగుమతి అయిన సరుకుకూ వర్తించేలా నోటిఫికేషన్ ఉండడం మామూలు. దారి మళ్లించి తెచ్చినంత మాత్రాన తప్పించుకోలేరన్నమాట.

లెక్క వేసి చూద్దాం

సుంకం పడేది బిల్లు ధర మీద కాదు. సరుకు ధరకు రవాణా, బీమా కలిపిన విలువ మీద. విడిభాగాలు ఎక్కువగా విమానంలో వస్తాయి. విమాన చార్జీ ఎంతైనా, ఎఫ్.ఓ.బి. ధరలో 20 శాతానికి మించి విలువలో కలపరాదన్నది వర్తకులకు మేలు చేసే నిబంధన. బీమా ఖర్చు తెలియకపోతే 1.125 శాతం కలుపుతారు.

ఆ విధంగా తేలిన విలువ 1,00,000 రూపాయలు, మూల సుంకం 10 శాతం అనుకుందాం.

మూల సుంకం: 10,000
సాంఘిక సంక్షేమ సర్‌చార్జి (మూల సుంకంలో 10 శాతం): 1,000
ఈ మూడూ కలిపిన 1,11,000 మీద 18 శాతం ఐ.జి.ఎస్.టి.: 19,980
మొత్తం కట్టవలసింది: 30,980

ఇందులో ఐ.జి.ఎస్.టి. జమ అవుతుంది. మిగిలిన 11,000 అసలు ఖర్చు. అదే సరుకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద సున్నా సుంకానికి వస్తే కట్టేది 18,000 ఐ.జి.ఎస్.టి. మాత్రమే. లక్షకు 11,000 తేడా. ఐదారు శాతం లాభం మీద నడిచే బజారులో ఈ తేడా బేరాన్ని నిలపగలదు, ముంచగలదు. అందుకే అందరి కన్నూ ఆసియాన్ దేశాల సరుకు మీద పడింది. భారత్-ఆసియాన్ వస్తు వాణిజ్య ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమలులో ఉంది. కొరియా ఒప్పందం కూడా అదే రోజున, జపాన్ ఒప్పందం 2011 ఆగస్టు 1న అమలులోకి వచ్చాయి.

35 శాతం పరీక్ష

ఆసియాన్ ఒప్పందం కింద సరుకు అక్కడిదే అనిపించుకోవాలంటే సాధారణంగా రెండు పరీక్షలు నెగ్గాలి. ఒకటి, ఎఫ్.ఓ.బి. విలువలో కనీసం 35 శాతం ఒప్పంద దేశాలలో ఏర్పడిన విలువ కావాలి. రెండు, బయటి దేశాల నుంచి తెచ్చిన భాగాల ఆరంకెల కోడ్, తయారైన వస్తువు ఆరంకెల కోడ్ వేరుగా ఉండాలి. ఒకటి నెగ్గి ఒకటి తప్పితే చాలదు. కొరియా, జపాన్ ఒప్పందాలలోనూ సాధారణ సూత్రం ఇదే తీరు. కొన్ని వస్తువులకు ప్రత్యేక సూత్రాలు ఉంటాయి కనుక జాబితా చూసుకోవాలి.

ఒక ఉదాహరణ. థాయ్‌లాండ్ ఫ్యాక్టరీ ఒక రిలేను 100 రూపాయల ఎఫ్.ఓ.బి. ధరకు అమ్ముతున్నదనుకుందాం. అందులో చైనా నుంచి తెచ్చిన భాగాల ఖరీదు 58 రూపాయలు. బయటి సరుకు 65 వరకు ఉండవచ్చు కనుక పరీక్ష నెగ్గినట్లే కనబడుతుంది. అయితే ఆ ఫ్యాక్టరీ మరో 9 రూపాయల భాగాలను స్థానిక బజారులో కొన్నది. అవి ఎక్కడివో దాని దగ్గర ఆధారం లేదు. మూలం తెలియని భాగాలను బయటివిగానే లెక్కించాలన్నది నిబంధన. 58కి 9 కలిపితే 67. పరీక్ష తప్పింది. రాయితీ మొత్తం పోయింది.

మన ఊళ్లో కూర్చున్న వర్తకునికి థాయ్‌లాండ్ ఫ్యాక్టరీ 9 రూపాయల కొనుగోలు సంగతి ఎలా తెలుస్తుంది? తెలుసుకోవలసిందేనని ఇప్పటి చట్టం అంటున్నది. ఆ సంగతి ముందుకు వస్తుంది.

విడగొట్టి పంపిన కిట్టు

రెండో పరీక్షలో మరో చిక్కు ఉంది. రిలే భాగాలు విడిగా 8538 కిందికి వస్తాయి. తయారైన రిలే 8536 కిందికి వస్తుంది. కోడ్ మారింది కనుక పరీక్ష నెగ్గినట్లే. కాని చైనా నుంచి ఒక రిలేకు కావలసిన భాగాలన్నీ ఒకే కిట్టుగా థాయ్‌లాండ్‌కు వచ్చాయనుకుందాం. వర్గీకరణ సూత్రాలలో రెండవదాని ప్రకారం విడగొట్టి పంపిన పూర్తి వస్తువును పూర్తి వస్తువుగానే పరిగణించాలి. అంటే కిట్టు కోడ్ కూడా రిలే కోడే. అక్కడ బిగించినా కోడ్ మారలేదు. పరీక్ష తప్పినట్లే.

దీనికి తోడు, కొన్ని పనులు ఎంత ఖర్చుతో చేసినా మూలదేశాన్ని మార్చవు. పెట్టె మార్చడం, లేబుల్ అంటించడం, వేరు చేయడం, ఒకచోట చేర్చడం వంటివి ఈ కోవకు చెందుతాయి. పెద్ద రీళ్లను చిన్న రీళ్లుగా చుట్టి కొత్త చీటీ అంటించిన సరుకు పుట్టిన చోటు పాతదే.

బిల్లు తిరగవచ్చు, సరుకు తిరగరాదు

బజారులో ఎక్కువ గందరగోళం హాంకాంగ్ బిల్లుల విషయంలో ఉంది. మలేషియాలో తయారై నేరుగా చెన్నైకి వచ్చిన సరుకుకు హాంకాంగ్ కంపెనీ బిల్లు వేయవచ్చునా? ఆసియాన్ ఒప్పందం మూడో దేశపు బిల్లును అనుమతిస్తుంది. ధ్రువపత్రంలో ఆ సంగతి చూపాలి. బిల్లు హాంకాంగ్‌ది అయినందున రాయితీ పోదు.

సరుకే హాంకాంగ్ వెళ్తే మాత్రం విషయం మారుతుంది. రవాణా అవసరం కొద్దీ ఆగి, దించి, తిరిగి ఎక్కించినంత వరకు ఇబ్బంది లేదు. అక్కడి గోదాములో చేరి, బజారులో అమ్ముడుపోయి, విడి ఆర్డర్లుగా ఇక్కడికి వస్తే నేరు రవాణా షరతు తప్పినట్లే. మలేషియాలో నిజంగా పుట్టిన సరుకైనా రాయితీ దక్కదు. హాంకాంగ్ స్టాకిస్టు దగ్గర తక్కువ ధరకు దొరికే "మలేషియా" సరుకును సున్నా సుంకంతో లెక్క వేసుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

చిప్ పుట్టినిల్లు ఏది?

ఒకే వస్తువుకు మూడు దేశాలు ముడిపడినప్పుడు మూలం తేల్చడం ఎంత కష్టమో ఐసీ చరిత్ర చూస్తే తెలుస్తుంది. సిలికాన్ పలక మీద సర్క్యూటు ముద్రించే పని తైవాన్‌లో జరుగుతుంది. దానిని ముక్కలుగా కోసి, తీగలు అతికించి, నల్లటి తొడుగు వేసి పరీక్షించే పని మలేషియాలోని పెనాంగ్‌లో జరుగుతుంది. నమూనా గీసిన కంపెనీ అమెరికాది. చిప్ ఏ దేశానిది?

1982లో అమెరికా కోర్టు ఒక జవాబు ఇచ్చింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ తైవాన్ నుంచి కెమెరాల భాగాలు దిగుమతి చేసుకుంది. వెనుకబడిన దేశాలకిచ్చే రాయితీకి అక్కడి విలువ 35 శాతం ఉండాలి. బయటి నుంచి తెచ్చిన సిలికాన్ పలకలను తైవాన్‌లో కోసి, తొడుగు వేసి ఐసీలుగా మార్చడం సరుకు స్వరూపాన్నే మార్చే పని అని, వాటి విలువను తైవాన్ విలువలో కలపవచ్చునని కోర్టు అంగీకరించింది. అంటే తొడుగు వేసే పనికి విలువ దక్కింది.

1989 ఫిబ్రవరిలో ఐరోపా కమిషన్ దీనికి భిన్నమైన నిబంధన తెచ్చింది. పలక మీద సర్క్యూటు ఏర్పరచే పని, అంటే డిఫ్యూజన్, ఎక్కడ జరిగితే ఆ దేశమే ఐసీ మూలదేశమని చెప్పింది. అప్పట్లో అక్కడ ఐసీల సుంకం 14 శాతం. ఐరోపాలో తొడుగు పని మాత్రమే చేస్తున్న విదేశీ కంపెనీలకు ఇక అక్కడే పలకల ఫ్యాక్టరీలు పెట్టవలసిన ఒత్తిడి వచ్చింది.

మూడో ఉదాహరణ ఇటీవలిది. 2025 ఏప్రిల్‌లో అమెరికా, చైనా పోటాపోటీగా సుంకాలు పెంచుకున్నప్పుడు అమెరికా సరుకు మీద చైనా సుంకం 125 శాతానికి చేరింది. ఏప్రిల్ 11న చైనా సెమీకండక్టర్ పరిశ్రమ సంఘం ఒక ప్రకటన చేసింది. తొడుగు ఉన్నా లేకున్నా, పలక తయారైన దేశమే ఐసీ మూలదేశంగా చూపాలన్నది దాని సారాంశం. ఆ ఒక్క సూత్రంతో, అమెరికా కంపెనీ పేరున్నా తైవాన్‌లో తయారైన చిప్‌లు ఆ సుంకం నుంచి బయటపడ్డాయి. అమెరికా గడ్డ మీద పలకలు చేసే కంపెనీల చిప్‌లు, మలేషియాలో తొడుగు వేసుకున్నవి సైతం, దాని కిందికి వచ్చాయి. మే నెలలో జెనీవాలో కుదిరిన అవగాహనతో ఆ సుంకం బాగా తగ్గింది. కాని సూత్రం ఎంత బలమైనదో వర్తక ప్రపంచానికి అర్థమైంది.

వస్తువు ఒకటే, పని ఒకటే, జవాబులు వేరు. ఇందుకు కారణం ఉంది. రాయితీ లేని మామూలు వర్తకంలో మూలదేశం తేల్చడానికి ప్రపంచమంతటికీ ఒకే సూత్రం తేవాలని 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ పని మొదలుపెట్టింది. మూడేళ్లలో ముగించాలనుకున్న ఆ పని నేటికీ పూర్తికాలేదు. అందువల్ల దిగుమతి చేసుకునే దేశం సూత్రమేమిటన్నదే వర్తకునికి ముఖ్యం.

మన ఆసియాన్ కొలతతో చూస్తే మరో సంగతి బయటపడుతుంది. సర్క్యూటు ఏర్పడిన పలక, కోసిన ముక్క, తొడుగు వేసిన ఐసీ అన్నీ 8542 కిందనే ఉంటాయి. కనుక పెనాంగ్‌లో తొడుగు వేసినంత మాత్రాన సాధారణ సూత్రం ప్రకారం కోడ్ మారినట్లు కాదు. ఐసీలకు ఇక్కడ సుంకం సున్నా కనుక ఈ చిక్కు ఇప్పుడు బాధించడం లేదు. సుంకం ఉన్న వస్తువులలో ఇదే పరిస్థితి ఎదురైతే బాధ తప్పదు.

ధ్రువపత్రం ఉంటే చాలదు

ఒకప్పుడు ఎగుమతి దేశపు అధికారి ముద్ర వేసిన ధ్రువపత్రం చేతిలో ఉంటే వర్తకుడు నిశ్చింతగా ఉండేవాడు. 2020లో పరిస్థితి మారింది. కస్టమ్స్ చట్టంలో 28డి.ఎ. సెక్షన్ చేరింది. దాని కింద చేసిన నిబంధనలు, కారోటార్ అని పిలిచేవి, 2020 సెప్టెంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. ధ్రువపత్రం దాఖలు చేసినంత మాత్రాన దిగుమతిదారు బాధ్యత తీరదని సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. 2024లో చట్టంలోని "మూలదేశ ధ్రువపత్రం" అన్న మాట స్థానంలో "మూలదేశ రుజువు" అన్న మాట చేర్చారు.

వర్తకుని మీద పడిన పని ఇది. సరుకు ఎలా తయారైంది, ఏ సూత్రం కింద అర్హత పొందింది, విలువ ఎలా లెక్కించారు అన్న వివరాలు ఫారం-1లో ఉంచుకోవాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన తేదీ నుంచి ఐదేళ్లు భద్రపరచాలి. అధికారి అడిగితే 10 పనిదినాలలో ఇవ్వాలి. అనుమానం తీరకపోతే అధికారులు ఎగుమతి దేశాన్ని విచారించవచ్చు. ఆ లోపు సరుకు విడిపించుకోవాలంటే తేడా సుంకానికి హామీ కట్టాలి.

అన్నింటికంటే గట్టి నిబంధన మరొకటుంది. ఒక ఉత్పత్తిదారు సరుకుకు అర్హత లేదని తేలితే, అదే ఉత్పత్తిదారు నుంచి వచ్చిన అదే రకం సరుకు మీద ఇతరులు కోరిన రాయితీని కూడా మళ్లీ విచారణ లేకుండా నిరాకరించవచ్చు. అవి ముందు వచ్చినవైనా, తరువాత వచ్చినవైనా సరే. పక్క దుకాణం వారి కాగితం చిరిగితే మన కాగితానికీ చిల్లు పడుతుందన్నమాట.

దీని బరువు పై లెక్కతోనే తెలుస్తుంది. లక్ష రూపాయల సరుకుకు రాయితీ తీసుకుని, 6 శాతం లాభంతో అమ్మిన వర్తకునికి 6,000 మిగిలింది. అర్హత లేదని తరువాత తేలితే మూల సుంకం 10,000, సర్‌చార్జి 1,000, ఐ.జి.ఎస్.టి. తేడా 1,980, వెరసి 12,980 కట్టాలి. ఏటా 15 శాతం చొప్పున మూడేళ్ల వడ్డీ 5,841. మొత్తం 18,821. ఇది ఉద్దేశపూర్వకంగా దాచినట్లు తేలితే ఐదేళ్ల వరకు వెనక్కి వెళ్లవచ్చు, సుంకానికి సమానమైన జరిమానా కూడా పడవచ్చు. అప్పటికి కొన్నవాడు సరుకు వాడేసి ఉంటాడు. అతని దగ్గరికి వెళ్లి ధర పెంచమని అడగడం కుదిరే పని కాదు.

సముద్రం మీద కొనేవారికి

హై సీస్ బేరాలు చేసే దళారులు, కొనుగోలుదారులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఇది. సరుకు దారిలో ఉండగా చేతులు మారితే, చివర కొని బిల్ ఆఫ్ ఎంట్రీ వేసినవారే దిగుమతిదారు. మొదట ఆర్డరిచ్చిన వర్తకుడు ఫ్యాక్టరీతో ఏం మాట్లాడాడో చివరి కొనుగోలుదారుకు తెలియదు. కాని ఫారం-1 వివరాలు అతన్నే అడుగుతారు. ధర తక్కువని కొన్నవాడు బాధ్యతనూ కొన్నట్లే. ధ్రువపత్రంతో పాటు ఆ వివరాలన్నీ చేతికి రానిదే రాయితీ ధరకు బేరం ముగించరాదు.

బేరానికి ముందు చూసుకోవలసినవి

వస్తువు కోడ్ ఏమిటి, దాని మీద సుంకం ఉన్నదా? సున్నా అయితే రాయితీ కోరవలసిన పనే లేదు, యాంటీ డంపింగ్ సుంకం ఉన్నదేమో చూస్తే చాలు.

సుంకం ఉంటే, ఫ్యాక్టరీ ఏది? ట్రేడింగ్ కంపెనీ పేరు కాదు, తయారు చేసిన ఫ్యాక్టరీ పేరు తెలియాలి. బయటి భాగాలు ఎంత శాతం, వాటి కోడ్‌లు ఏమిటి, కిట్టుగా వచ్చాయా?

సరుకు ఏ దారిన వస్తున్నది? మధ్యలో ఎక్కడైనా గోదాములో ఆగిందా? రవాణా పత్రం ఒకటేనా, మధ్యలో మారిందా?

ఖర్చు వివరాలు రహస్యమని ఫ్యాక్టరీ చెప్పడం సహజం. అటువంటప్పుడు విచారణ వస్తే తమ దేశపు అధికారులకు వివరాలు ఇస్తామని, రాయితీ పోతే తేడా భరిస్తామని కొనుగోలు ఒప్పందంలో రాయించుకోవాలి. రాయడానికి వెనుకాడే సప్లయరు జవాబు అక్కడే తెలిసిపోతుంది.

రేట్లు, నోటిఫికేషన్లు బడ్జెట్‌లోనే కాక మధ్యలోనూ మారుతుంటాయి కనుక బిల్ ఆఫ్ ఎంట్రీ వేసేనాటి రేటు సరిచూసుకోవడం అవసరం. రుజువులు చేతికి వచ్చేవరకు పూర్తి సుంకంతో ధర కట్టుకోవడం క్షేమం. పూర్తి సుంకంతో గిట్టని సరుకు, రాయితీ మీద ఆశతో మాత్రమే గిట్టుతున్నదంటే, ఆ బేరంలో లాభం వర్తకునిది కాదు, ఐదేళ్ల పాటు అప్పుగా ఉన్న సుంకానిది.